కొత్త కెమెరా చేతికొచ్చాక: కెనాన్ ఈఓఎస్ ఆర్50 గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

ఇన్నేళ్లూ ఫోన్‌తోనే ఫొటోలు తీస్తూ వచ్చి, ఈ మధ్యే కెనాన్ ఈఓఎస్ ఆర్50 కొన్నాను. దాంతోపాటు వచ్చే 18-45 మిల్లీమీటర్ల జూమ్, అంటే కిట్ లెన్స్ కూడా తీసుకున్నాను. మాది రాజమండ్రి. కెమెరా ఇంటికొచ్చినప్పటి నుంచి చుట్టాలు, స్నేహితులు, ఆఫీసు వాళ్లు అడుగుతున్నవి దాదాపు ఒకే ప్రశ్నలు. అందుకే జవాబులన్నీ ఒకచోట రాసి పెడుతున్నాను. కొనాలా వద్దా అని ఊగిసలాడేవాళ్లకీ పనికొస్తాయి. కానీ ఎక్కువగా రాసింది మాత్రం ఆల్రెడీ కొనేసి, నాలుగు ఫొటోలు తీసి, "ఇంత డబ్బు పోస్తే ఇదా? ఫోనే నయం కదా" అని దిగులు పడుతున్నవాళ్ల కోసం. మీ కెమెరాకి ఏమీ కాలేదు. కాస్త ఓపికగా కింద దాకా చదవండి.

ఇది డీఎస్‌ఎల్‌ఆరేనా?

కాదు, మిర్రర్‌లెస్. డీఎస్‌ఎల్‌ఆర్‌లో ఉన్నట్టు లోపల అద్దం ఉండదు. కన్ను ఆనించి చూసే కంత, అంటే వ్యూఫైండర్‌లో కనిపించేది కూడా చిన్న స్క్రీనే. దీంతో ఒక పెద్ద లాభం ఉంది: ఫొటో ఎంత వెలుగుగా వస్తుందో, ఏ రంగులో వస్తుందో నొక్కకముందే కనిపిస్తుంది. 2023 ఫిబ్రవరిలో ప్రకటించిన మోడల్ ఇది. 24.2 మెగాపిక్సెళ్లు. వెలుగుని పట్టి బొమ్మగా మార్చే చిప్, అంటే సెన్సర్, ఏపీఎస్-సీ అనే సైజుది. బ్యాటరీ, కార్డుతో కలిపి 375 గ్రాములు, కిట్ లెన్స్ మరో 130. అంటే మొత్తం అర కిలో. మెడలో వేసుకుని పుష్కర ఘాట్ నుంచి కోటిలింగాల రేవు దాకా నడిచినా బరువనిపించలేదు. నాకు మొదట నచ్చింది అదే.

ఇంకా చాలా ఉన్నాయి కదా, ఇదే ఎందుకు కొన్నారు?

వ్యూఫైండర్ కోసం. ఇంచుమించు ఇదే తరగతిలో చూసిన సోనీ జెడ్‌వీ-ఈ10కి గానీ, నికాన్ జెడ్30కి గానీ వ్యూఫైండర్ లేదు. వీడియోలే ముఖ్యం అనుకునేవాళ్లకి అవి మంచి కెమెరాలు. నాకు ఫొటోలు ముఖ్యం. పైగా మా ఊరి ఎండ తెలిసిందే. ఏప్రిల్ నెల మధ్యాహ్నం గోదావరి గట్టు మీద నిలబడి వెనకాల స్క్రీన్ చూస్తే మన ముఖమే కనిపిస్తుంది తప్ప ఫ్రేము కనిపించదు. కన్ను వ్యూఫైండర్‌కి ఆనిస్తే ఆ గొడవే లేదు.

రాత్రి ఇంట్లో తీసిన ఫొటోలు ఫోన్ కంటే చీకటిగా, మచ్చలు మచ్చలుగా వచ్చాయి. కెమెరాలో లోపమా?

అందరూ అడిగే మొదటి ప్రశ్న ఇదే. చాలామంది కెమెరాని బీరువాలో పెట్టేయడానికి కారణం కూడా ఇదే. కాబట్టి కాస్త వివరంగా చెప్తాను.

లోపం కాదు. సెన్సర్ సైజులో ఫోన్ దీనికి ఆమడ దూరంలో ఉంటుంది. ఆర్50 సెన్సర్ 22.3×14.9 మిల్లీమీటర్లు. ఏవో కొద్ది ఖరీదైన ఫోన్లలో వచ్చే "ఒక అంగుళం" సెన్సర్ కంటే కూడా ఇది దాదాపు మూడు రెట్లు పెద్దది. మరి ఫోన్ ఎందుకు గెలిచినట్టు కనిపిస్తోంది? రెండు కారణాలు.

ఒకటి, ఫోన్ తీసేది ఒక్క ఫొటో కాదు. మీరు ఒకసారి నొక్కితే అది వరసగా చాలా ఫొటోలు లాగి, వాటిని కలిపి, మచ్చలు తుడిచి, నీడల్ని లేపి, ఒక తయారైన బొమ్మని చేతిలో పెడుతుంది. కెమెరా మామూలుగా ఒక్కటే తీస్తుంది. తీసింది తీసినట్టు ఇస్తుంది.

రెండోది ఇంకా ముఖ్యం: కిట్ లెన్స్. దాని అపెర్చర్ (వెలుగు లోపలికొచ్చే కిటికీ) 18 దగ్గర ఎఫ్4.5, జూమ్ చేసి 45కి తెచ్చేసరికి ఎఫ్6.3. ఫోన్ల ప్రధాన లెన్సులు ఎఫ్1.8 చుట్టుపక్కల ఉంటాయి. సంఖ్య పెరిగేకొద్దీ కిటికీ చిన్నదవుతుందన్న మాట. ఎఫ్6.3 కంటే ఎఫ్1.8 దగ్గర సెన్సర్ మీద పడే వెలుగు సుమారు 12 రెట్లు ఎక్కువ. హాల్లో ఒక ట్యూబ్‌లైటు కింద, జూమ్ అంతా లాగి, ఆటోలో పెట్టి తీస్తే కెమెరా పాపం ఏం చేస్తుంది? ఐఎస్‌ఓని, అంటే అందిన కాస్త వెలుగునే పెంచి చూపించే అంకెని, బాగా పైకి ఎక్కించేస్తుంది. ఆ మచ్చలు అక్కడి నుంచి వచ్చినవి.

కాబట్టి రాత్రి ఇంట్లో తీసేటప్పుడు జూమ్‌ని 18 దగ్గరే ఉంచి, మీరే మనిషి దగ్గరికి జరగండి. ట్యూబ్‌లైటు మనిషి నెత్తి మీద కాకుండా ఎదురుగానో పక్కగానో ఉండేలా కూర్చోబెట్టండి. అదే మనిషిని పొద్దున్నే వీధి గుమ్మం దగ్గర, ఎండ నేరుగా పడని చోట కూర్చోబెట్టి 45 దగ్గర ఒక్క ఫొటో తీసి చూడండి. కనురెప్పల వెంట్రుకలు విడివిడిగా కనిపిస్తాయి. ముక్కుపుడక రాయిలో గుమ్మం ఆకారం కనిపిస్తుంది. ఆ ఫొటో చూశాక ఫోన్ నయమని ఎవరూ అనరు.

పగలు తీసినవి కూడా ఫోన్ అంత "మెరుపు"గా లేవే?

ఫోన్ ఆకాశాన్ని నీలంగా, ముఖాన్ని తెల్లగా, చెట్టుని పచ్చగా దిద్ది ఇస్తుంది. మనకళ్లు దానికి అలవాటు పడిపోయాయి. ఒక్క వారం కెమెరా ఫొటోలే చూడండి, తర్వాత ఫోన్ ఫొటోల్లో ముఖాలు పూత పూసినట్టు కనిపిస్తాయి. చామనఛాయ మనిషిని చామనఛాయగా చూపించడం ఈ కెమెరాలో నాకు బాగా నచ్చిన విషయం. మా అమ్మ ఫొటో తీస్తే మా అమ్మలాగే ఉంది. ఇంకాస్త రంగు కావాలంటే మెనూలో పిక్చర్ స్టైల్‌లోకి వెళ్లి శాచురేషన్ ఒక మెట్టు పెంచుకోండి.

తెల్లబట్టలు మాసినట్టు, నల్లవి వెలిసినట్టు వస్తున్నాయి. ఎందుకు?

కెమెరాకి తెలుపు, నలుపు తెలియవు. ఎదురుగా ఉన్నదంతా మధ్యస్థమైన బూడిద రంగు వెలుగులో ఉండాలని లెక్క వేసుకుంటుంది. ఫ్రేమంతా తెల్ల పంచెలే ఉంటే "అమ్మో, వెలుగు ఎక్కువైంది" అని తగ్గించేస్తుంది. హారతి వేళ నదిలాగా ఫ్రేమంతా చీకటే ఉంటే పెంచేస్తుంది. దాంతో దీపం కాస్తా తెల్లటి ముద్ద అయిపోతుంది.

దీనికి మందు ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్. ప్లస్, మైనస్ గుర్తులున్న బటన్. తెలుపు ఎక్కువగా ఉన్నప్పుడు ప్లస్ వైపు, చీకటి ఎక్కువగా ఉన్నప్పుడు మైనస్ వైపు. గోదావరి హారతికి నేను మైనస్ 1 దగ్గర మొదలుపెడతాను. పూజారి చేతిలో హారతి మంట నాలుకలు నాలుకలుగా విడిపోయి కనిపిస్తుంది, వెనక నీళ్లు నల్లగానే ఉంటాయి. వ్యూఫైండర్‌లో ముందే కనిపిస్తుంది కాబట్టి ఊహించుకోవలసిన పనిలేదు. కొత్తవాళ్లు ఒకే ఒక్క బటన్ నేర్చుకోవాలంటే ఇదే నేర్చుకోమంటాను.

ఎర్ర పువ్వులు ముద్దగా వస్తున్నాయి, రేకులు కనపడటం లేదు.

కడియం నర్సరీలకి వెళ్లిన ప్రతివాళ్లూ ఈ మాట అంటారు. ముద్ద మందారమే కాదు, ఒంటిరేక మందారం కూడా ముద్దైపోతుంది! సెన్సర్ ఎరుపు, ఆకుపచ్చ, నీలం మూడింటినీ విడివిడిగా కొలుస్తుంది. ఎర్రటి పువ్వు మీద ఎండ పడితే మిగతా రెండూ మామూలుగా ఉన్నా ఎరుపు మాత్రం పైకప్పుకి కొట్టుకుంటుంది. ఇక ఆ రేకులో ముదురు, లేత తేడా ఉండదు. మెనూలో హిస్టోగ్రామ్‌ని (ఫొటోలో వెలుగు ఎంతుందో చూపే గ్రాఫ్) మూడు రంగులూ విడివిడిగా చూపే ఆర్‌జీబీకి మార్చుకుంటే ఎర్ర గీత కుడివైపు గోడకి అంటుకోవడం కళ్లారా చూడొచ్చు. మైనస్ మూడింట రెండు, లేదా మైనస్ 1 పెట్టండి. ఎండ నేరుగా పడకుండా పక్కనున్న మనిషి నీడ పువ్వు మీద పడేలా నిలబడితే ఇంకా మంచిది. రేకు మీది సన్నటి ఈనెలు, పుప్పొడి రాలిన చుక్కలు అన్నీ తిరిగొస్తాయి. ఎర్ర పట్టుచీరలకీ ఇదే సూత్రం.

వ్యూఫైండర్‌లో అంతా మసకగా ఉంది.

దాని పక్కనే చిన్న చక్రం ఉంటుంది. లోపలి అక్షరాలు స్పష్టంగా కనిపించేదాకా తిప్పండి. మీ కళ్ల పవర్‌కి తగ్గట్టు సరిచేసుకునే ఏర్పాటు అది. ఫొటోకి దానితో సంబంధం లేదు.

ఆన్ చేస్తే ఫొటో తీయనంటోంది?

కిట్ లెన్స్ ముడుచుకుని ఉంటుంది. జూమ్ రింగ్‌ని తిప్పి 18 గుర్తు దాకా తేవాలి. అప్పుడే పని చేస్తుంది.

ఎప్పుడూ ఆటోలోనే ఉంచితే తప్పా?

తప్పేం లేదు. మొదటి కొన్నాళ్లు అలాగే ఉంచి, ఫ్రేము కట్టడం మీద ధ్యాస పెట్టండి. తర్వాత మోడ్ డయల్‌ని ఏవీకి తిప్పండి. అపెర్చర్ మీరు చెప్తారు, షట్టర్ స్పీడు (సెకనులో ఎన్నో వంతు సేపు వెలుగు పడాలన్నది) అది చూసుకుంటుంది, ఐఎస్‌ఓని ఆటోలో వదిలేయొచ్చు. పిల్లలు పరిగెడుతుంటే టీవీ మోడ్. ఆ పేరుకీ టెలివిజన్‌కీ సంబంధం లేదు, షట్టర్ స్పీడు మన చేతిలో ఉండే మోడ్ అది. పూర్తి మాన్యువల్‌లో తీస్తేనే ఫొటోగ్రాఫర్ అనే మాట నమ్మకండి. వెలుగు క్షణక్షణం మారే చోట ఏవీలో ఉన్నవాడికే ఫొటో దొరుకుతుంది.

ఫోకస్ నిజంగా అంత బాగుంటుందా?

ఉంటుంది. ఈ కెమెరాలో నన్ను ఆశ్చర్యపరిచింది అదే. మా మేనకోడలు కూచిపూడి సాధన చేస్తుంటే తీశాను. పిల్ల గిర్రున తిరుగుతుంటే కంటి మీద చిన్న చతురస్రం పడుతుంది. వెనక్కి తిరిగితే తల మీదికి జారుతుంది, మళ్లీ ఇటు తిరగ్గానే కన్ను పట్టుకుంటుంది. కదిలేవాటిని వెంటాడే సర్వో ఏఎఫ్ (ఆటోఫోకస్) పెట్టి, కళ్లని గుర్తించే ఐ డిటెక్షన్ ఆన్ చేస్తే చాలు. కుక్కలు, పిల్లులు, పక్షులు, బండ్లు కూడా గుర్తుపడుతుంది. పాతరోజుల్లో ఇలాంటి ఫోకస్ లక్షలు పోసిన కెమెరాలకే ఉండేది.

పెళ్లిలో ఫొటోలు తీయొచ్చా?

ఇంటి పెళ్లిలో సరదాగా తీయడానికి నిక్షేపంగా తీయొచ్చు. డబ్బులు తీసుకుని పెళ్లి ఒప్పుకోవడానికి మాత్రం ఇది చాలదు. కారణం ఒక్కటే: కార్డు స్లాట్ ఒకటే ఉంది. కార్డు పోతే జీలకర్ర బెల్లం మళ్లీ పెట్టించలేం.

ఇంటి పెళ్లికైతే కొన్ని జాగ్రత్తలు. సైలెంట్‌గా ఉంటుంది కదా అని ఎలక్ట్రానిక్ షట్టర్ పెట్టకండి. మండపం ఎల్‌ఈడీ లైట్ల కింద ఫొటో మీద అడ్డంగా నల్ల చారలు పడతాయి. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి మనుషులు కదలకుండా కూర్చున్నప్పుడు షట్టర్ 1/50 లేదా 1/100 పెడితే లైట్ల మినుకు గోల తగ్గుతుంది. తలంబ్రాల దగ్గర మాత్రం 1/500కి తక్కువ పనికిరాదు. దోసిలి పైకి లేవగానే బర్స్ట్ (వరసగా తీయడం) మొదలుపెట్టండి. సెకనుకి 12 ఫొటోలు వస్తాయి. వాటిలో బియ్యపు గింజలు గాల్లో ఆగి, పెళ్లికూతురు కళ్లు మూసుకుని నవ్వే ఫ్రేము ఒకటి దొరుకుతుంది. బర్స్ట్‌కి రా ఫైళ్లు (సెన్సర్ ఇచ్చినదంతా దాచే పెద్ద ఫైళ్లు) వద్దు, జేపెగ్‌లోనే ఉంచండి. రాలో పెడితే క్షణాల్లోనే బఫర్ (ఫొటోలు కార్డుకెక్కేదాకా ఆగే చోటు) నిండి కెమెరా నెమ్మదిస్తుంది.

ఇంకో మాట. అడ్డుతెర తీసే క్షణంలో అసలు ఫొటోగ్రాఫర్‌కి అడ్డం వెళ్లకండి. ఆయనకి ఆ ఫొటో జీవనాధారం. మీరు పక్కకి తిరిగి పెళ్లికూతురి తండ్రిని తీయండి. ఆ ఫొటో ఆల్బమ్‌లో ఎవరూ పెట్టరు, కానీ పదేళ్ల తర్వాత ఇంట్లో అందరూ అడిగేది దాన్నే.

ఫ్లాష్ ఉందా?

పైకి లేచే చిన్నది ఉంది. దగ్గర్లో ఉన్నవాళ్లకి సరిపోతుంది, కానీ ముఖాలు చదునుగా వస్తాయి. ఇంట్లో పాత కెనాన్ స్పీడ్‌లైట్ (పైన తగిలించే విడి ఫ్లాష్) ఉందని ధీమాగా ఉన్నవాళ్లు ఒకటి గమనించాలి: ఆర్50 మీదున్నది కొత్తరకం షూ, అంటే ఫ్లాష్ తగిలించే గాడి. పాత స్పీడ్‌లైట్లు పెట్టాలంటే ఏడీ-ఈ1 అనే అడాప్టర్ విడిగా కొనాలి.

24 మెగాపిక్సెళ్లు చాలవా? ఫోన్‌లోనే 200 ఉన్నాయి కదా!

చాలు. 24 మెగాపిక్సెళ్లంటే 6000×4000 చుక్కలు. అంగుళానికి 300 చుక్కల చొప్పున ప్రింటు వేసినా 20 అంగుళాల వెడల్పు వస్తుంది. 12×18 ప్రింటుకి ఇంకా మిగులు. 12×36 కరిజ్మా ఆల్బమ్‌లో ఒకే ఫొటోని రెండు పేజీల మీదా పరిచినా తేడా తెలియదు. ఫోన్‌లో ఆ 200 కూడా మామూలుగా కలిసిపోయి 12 లేదా 50 అయ్యే బయటికొస్తాయి.

కార్డు, బ్యాటరీ?

వీ30 అని రాసి ఉన్న 64 జీబీ ఎస్‌డీ కార్డు చాలు, మంచి కంపెనీది. యూహెచ్‌ఎస్-2 కార్డుకి డబ్బు దండగ, ఈ స్లాట్ యూహెచ్‌ఎస్-1 వేగానికే పరిమితం. ఎల్‌పీ-ఈ17 బ్యాటరీ వ్యూఫైండర్‌తో సుమారు 300 ఫొటోలిస్తుంది. పాపికొండల పడవ ఎక్కేముందు రెండో బ్యాటరీ సంచిలో ఉండాల్సిందే.

రెండో లెన్స్ ఏది కొనాలి?

కెమెరా కంటే లెన్స్ మీద డబ్బు పెట్టిన మేలు ఎక్కువ. ముఖాలు తీయడానికైతే కెనాన్ మిర్రర్‌లెస్ లెన్సుల వరస ఆర్‌ఎఫ్‌లోని 50 ఎఫ్1.8. బరువు 160 గ్రాములే. వెనకంతా కరిగిపోయి మనిషి ముందుకొచ్చే ఫొటో అందరూ అడుగుతారు కదా, అది దీంతో వస్తుంది. కాకపోతే ఈ సెన్సర్ మీద ఇది పెద్ద సెన్సర్ (ఫుల్‌ఫ్రేమ్) లెక్కలో 80 మిల్లీమీటర్ల లెన్స్‌లా పనిచేస్తుంది కాబట్టి 10×12 గదిలో గోడకి ఆనుకున్నా ఇద్దరు నిలువెత్తున పట్టరు. పైగా ఈ లెన్స్‌లో గానీ బాడీలో గానీ చేతి వణుకుని సరిచేసే స్టెబిలైజేషన్ లేదు, చేతుల్లో పట్టుకుంటే షట్టర్ 1/100 కంటే తగ్గనివ్వకండి. ఇంట్లో చంటిపిల్లల్ని తీసేవాళ్లు సిగ్మా 30 ఎఫ్1.4 చూడండి. 2024 ఏప్రిల్‌లో సిగ్మా ఈ కెమెరాలకి లెన్సులు ప్రకటించాక ఆర్50 కొనడంలో ఉన్న పెద్ద ఇబ్బంది తీరిపోయింది. అంతకుముందు ఏపీఎస్-సీకి తగిన, ఎక్కువ వెలుగు పట్టే లెన్సులు ఆర్‌ఎఫ్‌లో లేవనే చెప్పాలి.

పాత డీఎస్‌ఎల్‌ఆర్ లెన్సులు ఇంట్లో ఉంటే ఈఎఫ్-ఈఓఎస్ ఆర్ అడాప్టర్‌తో వాడుకోవచ్చు. ఆటోఫోకస్ కూడా పనిచేస్తుంది.

కొల్లేరు పక్షులకి పనికొస్తుందా?

కిట్ లెన్స్‌తో రాదు. ఆటపాకలో చెట్ల మీది గూడబాతులు చుక్కల్లా కనిపిస్తాయి. 55-210 లెన్స్‌తో కాస్త మేలు. పక్షులే లోకం అనుకుంటే ఆర్‌ఎఫ్ 100-400. ఈ సెన్సర్ మీద దాని కొస 640 మిల్లీమీటర్లకి సమానం, బరువేమో 635 గ్రాములే. అపెర్చర్ ఎఫ్8 దాకా పోతుంది కాబట్టి ఎండ బాగా ఎక్కాక వెళ్లడమే మేలు.

వీడియోలు?

4కె, సెకనుకి 30 ఫ్రేములు, ఫ్రేము కత్తిరించకుండా వస్తుంది. చాలా స్పష్టంగా ఉంటుంది. మెనూలో వీడియో సిస్టమ్‌ని పాల్ (PAL) అనేదానికి మార్చి 25 ఫ్రేములు, షట్టర్ 1/50 పెట్టుకోండి, మన లైట్ల కింద మినుకు ఉండదు. మైకు పెట్టుకునే జాక్ ఉంది, హెడ్‌ఫోన్‌కి లేదు. నడుస్తూ తీస్తే ఊగుతుంది.

బూజు పడుతుందంటారు, నిజమేనా?

నిజమే. గోదావరి జిల్లాల్లో, విశాఖ, కాకినాడ తీరంలో మరీ జాగ్రత్తగా ఉండాలి. గాల్లో తేమ 60 శాతం దాటి నెలల తరబడి ఉంటే, కెమెరా తోలు సంచిలో, చీకటి బీరువాలో ఉంటే లెన్స్ లోపల సాలెగూడు లాంటి బూజు పుడుతుంది. ఒకసారి పాకితే గాజు మీది పూతనే తినేస్తుంది. గాలి చొరబడని ప్లాస్టిక్ డబ్బా, అందులో సిలికా జెల్, తేమ కొలిచే చిన్న మీటరు తెచ్చుకోండి. ముల్లు 40-50 మధ్య ఉండాలి. బియ్యంలో పెట్టడం వద్దు, ఆ దుమ్ము లెన్స్ రింగుల్లోకి పోతుంది. అన్నింటికంటే మంచి మందు కెమెరాని తరచూ బయటికి తీసి వాడటం. లెన్స్‌ని చీరకొంగుతో, చొక్కా అంచుతో తుడవకండి. ముందు బ్లోయర్‌తో గాలి కొట్టి, తర్వాతే మైక్రోఫైబర్ గుడ్డ.

అమెరికాలో ఉన్న తమ్ముడితో తెప్పించుకుంటే చవక కదా?

ధరలో తేడా ఉన్నా నేను వద్దంటాను. వారంటీ మామూలుగా కొన్న దేశానికే వర్తిస్తుంది. ఇక్కడ అధీకృత డీలరు దగ్గర జీఎస్టీ బిల్లుతో కొనండి. పెట్టె మీద, కెమెరా మీద, బిల్లు మీద సీరియల్ నంబర్లు ఒకటేనా అని కొట్టులోనే చూసుకోండి. ఇంటికి రాగానే ఎఫ్16లో పెట్టి ఖాళీ ఆకాశాన్ని తీసి పెద్దది చేయండి, సెన్సర్ మీద దుమ్ముంటే నల్ల చుక్కలై కనిపిస్తుంది. తేదీ, సమయం సరిగ్గా పెట్టడం మాత్రం మర్చిపోకండి. తర్వాత ఫొటోలు వెతుక్కునేటప్పుడు దాని విలువ తెలుస్తుంది.

గుళ్లలో తీయనిస్తారా?

తిరుమల ఆలయంలోకి కెమెరా అసలు తీసుకెళ్లకూడదు. లేపాక్షి లాంటి పురావస్తు శాఖ కట్టడాల్లో చేత్తో తీసుకోవచ్చు, ట్రైపాడ్‌కి మాత్రం ముందుగా అనుమతి కావాలి. మిగతా చోట్ల గుమ్మం దగ్గరే అడిగేయండి.

ఇందులో మీకు నచ్చనివి?

తిప్పడానికి ఒకటే డయల్ ఉండటం. అపెర్చర్‌కీ, ఎక్స్‌పోజర్‌కీ దాన్నే మార్చి మార్చి వాడాలి. బాడీలో స్టెబిలైజేషన్ లేదు. పట్టు చిన్నది, పెద్ద చేతులవాళ్లకి చిటికెనవేలు గాల్లోనే ఉంటుంది. దుమ్ము, చినుకులకి తట్టుకునే సీలింగ్ లేదు, కాబట్టి వానలో బయటికి తీయను. కిట్ లెన్స్‌కి హుడ్ (పక్క వెలుగుని ఆపే తొడుగు) కూడా విడిగా కొనుక్కోవాల్సిందే.

ఇప్పుడే కొనాలా, కొత్త మోడల్ వచ్చేదాకా ఆగాలా?

ఇంట్లో మొక్కు తీర్చుకోవడమో, పాప అన్నప్రాశనో, తాతగారి సహస్ర చంద్ర దర్శనమో దగ్గర్లో ఉంటే ఇప్పుడే కొనండి. వేడుకకి కనీసం నెల ముందు కొని, రోజూ ఏదో ఒకటి తీస్తూ చేతిని అలవాటు చేయండి. అలాంటి తొందరేం లేకపోతే దసరా, దీపావళి ఆఫర్ల దాకా ఆగి, మిగిలిన డబ్బు 50 ఎఫ్1.8 మీద పెట్టండి.